తొట్టిలో నానిన లేతు

ఆ శనివారం పొద్దున మెర్వ్ పాస్కో వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. భార్య కోరల్ వెనక వరండాలో మహిళా సంఘం వాళ్ళకి టీ ఇస్తుంది. వాళ్ళంతా స్కోన్ రొట్టెల మీద జామ్ ముందు రాయాలా మీగడ ముందు రాయాలా అని కొట్టుకుంటూ ఉండగా, తను మామిడి చెట్టు కింద పాత స్నానాల తొట్టిలో నానుతున్న, ఇనుము చెక్కే లేత్ మిషన్ అడుగు దిమ్మ బెడ్డును చప్పుడు కాకుండా తీసి కడిగి, దాని మీద పేరేమైనా ఉందేమో చూస్తాడు.

లేతుకి గ్యారేజీలో చోటు దక్కడం ఆ పేరు మీదే ఆధారపడి ఉంది. మేరీబరోలో వడగళ్ళ వానల కాలం వచ్చేస్తోంది. కోరల్ కొత్త కారు ఆరుబయట ఉంది, ఊరూపేరూ లేని లేతు గ్యారేజీలో ఉంది.

"అది ఏ మిషనో, ఎవరు చేశారో శనివారానికల్లా తేల్చు. పేరున్నదైతే ఉండనీ, నోరెత్తను. కాకపోతే సోమవారం పాత ఇనుం వాడొచ్చి పట్టుకుపోతాడు. ఈలోగా దాని ముక్క ఒక్కటి నా పెరట్లో కనబడిందో, నీ పని చెప్తా" అని ఆ వారం మొదట్లోనే హెచ్చరించింది కోరల్.

చక్కెర మిల్లులో జీవితమంతా ఫిట్టరుగా పనిచేసిన మెర్వ్, దాని తిరిగే ఇరుసు స్పిండిలు వేలితో తిప్పిన రోజే అది మామూలు సరుకు కాదని పసిగట్టాడు. కరకర లేదు, ఊగిసలాట లేదు. అయితే ఏం లాభం? పేరు రేకు ఉండాల్సిన చోట నాలుగు కన్నాలు తప్ప ఏమీ మిగల్లేదు.

పక్కింటి డూగల్ అబర్‌నెతీ మాత్రం దాని జాతకం కంచె అవతలి నుంచే చెప్పేశాడు. అతని పొట్టి గుర్రం కోరల్ గులాబీలు మేసిన నాటి నుంచి అతనికి ఈ పెరట్లోకి ప్రవేశం లేదు.

"ఒరేయ్ మెర్వ్! దాన్ని చేసినవాడు ముల్లంగి దుంపలు తరుక్కుని బతకాల్సింది. మా నాన్న చూసుంటే వాణ్ణి తన ఇనుప ఫౌండ్రీ గేటు దాకా తరిమేవాడు!"

"నీ కళ్ళకి శుక్లాలు వచ్చాయిరా."

"శుక్లాలొచ్చినా చెత్త చెత్తలానే కనపడుతుంది!"

తుప్పు వదిలించడానికి చెరకు మడ్డి కలిపిన నీళ్ళలో నానబెట్టడం ఆ చెరకు సీమలో అందరికీ తెలిసిన పద్ధతే. మడ్డి తుప్పును తినేస్తుంది, ఇనుము జోలికి పోదు. చిక్కల్లా ఎండకి పులిసి కొట్టే కంపుతోనే. "ఏంటా వాసన?" అని కోరల్ నిలదీసినప్పుడు మెర్వ్ నీళ్ళు నమిలి, "నీ గులాబీలకే... ఎరువు చేస్తున్నా" అనేశాడు.

అక్కడే కొంప మునిగింది. టీ సగంలో ఉండగా కోరల్ మురిసిపోతూ లేచింది.

"పెళ్ళయ్యాక మొదటిసారి మా ఆయనకి నా గులాబీలు గుర్తొచ్చాయి! రండి, మీరూ తలా కాస్త ఎరువు పట్టుకెళ్ళండి."

ఖాళీ జామ్ సీసాలతో ఊరేగింపు బయలుదేరింది. ముందు సంఘం అధ్యక్షురాలు ట్రెలోర్ గారు, చేతిలో గరిటె. మెర్వ్ తొట్టికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"ఇంకా మగ్గలేదండీ!"

"ఈ వాసనకి ఇంకా ఏం మగ్గాలి నాయనా? జరుగు." ఆవిడ గరిటె ముంచారు. ఠంగుమంది. "అడుగున ఏదో ఉందే?"

"రాళ్ళండీ. బరువు కోసం."

"ఎరువుకి బరువెందుకు?"

మెర్వ్ నోరు తెరిచేలోగా తీపి వాసన పట్టిన డూగల్ గుర్రం కంచె పలక విరగ్గొట్టుకుని వచ్చి తొట్టిలో మూతి పెట్టింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. కోరల్ తువ్వాలు విసిరింది. గుర్రం బెదిరి ముందుకాళ్ళు రెండూ తొట్టిలో వేసింది. ఇటుకల మీదున్న తొట్టి ఒరిగి బోర్లా పడింది. మడ్డి ట్రెలోర్ గారి తెల్ల బూట్లను ముంచి, సరాసరి గులాబీ మడిలోకి పారింది. గడ్డి మీద లేతు బెడ్డు బయటపడింది.

"ఇదేనా నీ ఎరువు?" అంది కోరల్. ఆ గొంతు విని గుర్రం కూడా మూతి నాక్కోవడం ఆపింది.

ఇక దాచడానికేమీ మిగలక మెర్వ్ గొట్టం తీసుకుని బెడ్డు మీద నీళ్ళు కొట్టాడు. తుప్పంతా వదిలి ఇనుము బూడిదరంగులో మెరిసింది. ఒక చివర సుత్తితో దిగగొట్టిన అక్షరాలు, మెట్లు దిగుతున్నట్టు ఏటవాలుగా ఉన్నాయి. గుర్రం కోసం కంచె సందులోంచి దూరి వచ్చిన డూగల్ కూడా వంగి చూశాడు.

'అబర్‌నెతీ అండ్ సన్, మేరీబరో.'

మెర్వ్ ఆగలేకపోయాడు. "ఇంత వంకరగా కొట్టిన తాగుబోతు ఎవడ్రా?"

డూగల్ చొక్కా చేత్తో ఆ అక్షరాలు మెల్లగా తుడిచాడు. "నేనే. అప్పుడు బడి మానేసి కొత్తగా పనిలో చేరా. నాన్న చెవి మెలేశాడు గానీ, వీటిని మాత్రం చెరపలేదు. ఆయన చేసినవి నాలుగో ఐదో. అన్నీ కరిగించేశారనుకున్నా." అక్షరాల మీది నుంచి చెయ్యి తియ్యలేదు. ఎగతాళికి దాచుకున్న మాటలన్నీ మెర్వ్ మింగేశాడు. గొట్టం కింద పెట్టి తనూ పక్కనే చతికిలబడ్డాడు.

"పేరున్నదేనన్నమాట" అన్నారు ట్రెలోర్ గారు బూట్లు విదిలించుకుంటూ.

సంఘమంతా చూస్తుండగా కోరల్ మాట తప్పలేకపోయింది. "సరే, ఉండనీ."

లేతు ఉండిపోయింది. దాంతోపాటు డూగల్ కూడా. రోజూ టీ వేళకి దిగి, "మా నాన్న అలా బిగించేవాడు కాదు" అంటూ సాయంత్రం దాకా కదలడు. మొదటి వడగళ్ళ వానకే ఆరుబయటున్న కారు పైకప్పు గుంటలు పడింది. ఆ ఏటి పూల పోటీలో మొదటి బహుమతి మాత్రం మడ్డి తాగిన కోరల్ గులాబీలకే వచ్చింది.

బహుమతి పత్రం గోడకి తగిలించి కోరల్ మెర్వ్‌తో అంది: "తుప్పు పట్టిన లేతు ఇంకెక్కడైనా దొరుకుతుందేమో చూడు."