మరియమ్మది ఏ ఊరు?

సోమవారం పొద్దున గడ్డం గీసుకుంటూ జ్ఞానప్రకాశం అయ్యగారు ఆ వారం పనులు ఒక దారికి తెచ్చుకున్నారు. ఆయన ఉదయగిరిలోని చిన్న ఆంగ్లికన్ గుడికి పాదిరి. ఈస్టరుకు ముందు వచ్చే లెంటు ఉపవాసాల రోజుల్లో ప్రతి గుడిలోనూ ప్రార్థనకు ఒక బృందం, వాక్యపఠనానికి ఒక బృందం, చర్చకు ఒక బృందం నడవాలని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. శుక్రవారం సాయంత్రం నెల్లూరు నుంచి పాదిరులందరి పైఅధికారి ఆర్చిడీకన్‌గారు స్వయంగా వచ్చి చూస్తారు. మూడూ నడవకపోతే ఉదయగిరిని ఆత్మకూరు గుడిలో కలిపేస్తారనీ, ఇక మీదట పాదిరి నెలకొకసారి బస్సులో వచ్చిపోతాడనీ అయ్యగారి చెవిన పడింది.

ప్రార్థనకు ఢోకా లేదు. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన లిదియమ్మ ఆడవాళ్ళను కూడగట్టి ఆ బృందాన్ని నడుపుతోంది. పఠనం కూడా ఫరవాలేదు. అయ్యగారు చదివితే తక్కినవాళ్ళు వింటారు, ఒకరిద్దరు కునుకు తీస్తారు. చర్చకు మాత్రం నరపురుగు కూడా రాలేదు. "మీరు చెప్పండి అయ్యగారూ, మేం ఇంటాం. మీతో వాదించేదానికి మాకేమన్నా పిచ్చా?" అన్నారు సంఘస్థులు.

అందుకని చర్చకు ఏ మతంవారైనా రావచ్చని అయ్యగారు నిర్ణయించారు. గంట కొట్టే కొండలయ్యను పిలిచి, "శుక్రవారం సాయంత్రం స్టడీ సర్కిల్ ఉందని ఊళ్ళో చెప్పిరా. ధనవంతులు, బీదలు, మన బాధ్యత అనేది విషయం" అన్నారు.

కొండలయ్యకు ఆ ఇంగ్లీషు మాట బాగా నచ్చింది. పెంచలనరసయ్య టీ అంగడి ముందు నిలబడి, గంట కొట్టినంత గట్టిగా చాటాడు.

"శుక్రవారం సాయంత్రం మా గుళ్ళో స్టడీ సర్కిల్! ఉన్నోడు, లేనోడు అనే దాని మీద మాటలు! ఎవురైనా రావొచ్చు!"

బల్ల మీద కూర్చున్న కానిస్టేబులు చాంద్ బాషా చేతిలోని గ్లాసు నోటిదాకా పోకుండా ఆగిపోయింది. అది కమ్యూనిస్టుల మీద నిషేధం ఉన్న కాలం. వాళ్ళ రహస్య కూటాలకు వాడే స్టడీ సర్కిల్ అన్న మాట ఎక్కడ వినబడినా వెంటనే వచ్చి చెప్పమని సబిన్‌స్పెక్టరు హెచ్చరించి ఉన్నాడు. చాంద్ బాషా టీ వదిలేసి స్టేషనుకు నడిచాడు.

సబిన్‌స్పెక్టరు తెనాలి వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. అంతా విని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"సార్, ఆ పాదిరయ్య కుక్కని కూడా గట్టిగా అదిలించడు" అన్నాడు చాంద్ బాషా.

"అలాంటి చోటే వాళ్ళు కూటాలు పెడతారయ్యా! నువ్వు మఫ్టీలో వెళ్ళి, వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో విని రా."

బుధవారం చాంద్ బాషా లుంగీ కట్టుకుని పోయి గుడి కిటికీ కింద కూర్చున్నాడు. ఉదయగిరిలో ఆయనను ఎరగనివారు లేరు కనుక లుంగీ వల్ల గాలి ఆడటం తప్ప వేరే లాభం లేకపోయింది. లోపల ఆడవాళ్ళు ఒక పాట ఎత్తుకున్నారు. ఆయన కళ్ళు మూసుకుని ఒక్కొక్క చరణమే మనసులో పెట్టుకుంటున్నాడు. పాట అయిపోయి లిదియమ్మ బయటికి వచ్చేసింది.

"ఏం నాయనా, ఈడ కూసోనుండావే?"

చాంద్ బాషా లుంగీ సర్దుకుంటూ లేచి నోటికొచ్చింది అందుకున్నాడు. "మా ఇంటామె బీబమ్మకి జ్వరం అమ్మా. మీరు ప్రార్థన చేస్తే తగ్గుతాదని..." అన్నాడు.

లిదియమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బృందమంతటినీ మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది. ఆ తరువాత గంజి కాయించి, మిరియాలు నూరించి, అందరినీ వెంటబెట్టుకుని చాంద్ బాషా ఇంటికి దారితీసింది.

చాంద్ బాషా అప్పటికి స్టేషనులో ఉన్నాడు.

"గద్దెల మీదుండే పెద్దోళ్ళని కిందికి తోసేస్తారంట సార్. ఆకలైనోళ్ళకి కడుపునిండా పెట్టి, ఉన్నోళ్ళని ఉత్తచేతులతో పంపించేస్తారంట."

సబిన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. "ఎవరన్నారా మాట?"

"మరియమ్మ పాటంట సార్. అందరూ కలిసి పాడినారు."

"ఎవరా మరియమ్మ? ఏ ఊరు?"

"ఊరు అడగలేదు సార్."

"అడగాల్సింది అదేనయ్యా! శుక్రవారం నేనే వస్తాను. మరియమ్మను పట్టుకున్నాక ఆ పాదిరి సంగతి చూద్దాం."

ఇంటి దగ్గర బీబమ్మ రోట్లో మిరపకాయలు దంచుతోంది. గంజి గిన్నెతో వచ్చిన ఆడవాళ్ళను చూసి రోకలి ఆపింది. సంగతి తెలిశాక మళ్ళీ దంచింది కానీ, ఈసారి దెబ్బ ఒక్కొక్కటీ వీధి చివరికి వినిపించింది. గంజి మాత్రం మర్యాద కోసం తాగింది. సాయంత్రం మొగుడు గడపలో కాలు పెట్టగానే అడిగింది.

"నాకు జ్వరమని ఊరంతా చెప్పినావంటనే?"

"అది డ్యూటీ. నీకు చెప్పకూడదు."

"నాకు జ్వరం రావడం నీకు డ్యూటీనా?"

ఆ రాత్రి చాంద్ బాషాకు ఇంట్లో అన్నం పుట్టలేదు. తెల్లవారి ఆకలితో టీ అంగడికి వస్తే, పెంచలనరసయ్య గ్లాసు అందిస్తూ మెల్లగా అడిగాడు.

"గుడి కాడ ఏందో జరగతా ఉండాదంటనే?"

"నన్నడగొద్దు, చెప్పకూడదు. శుక్రవారం సబిన్‌స్పెక్టరుగారే వస్తా ఉండారు, ఆడే చూస్కోండి."

పెంచలనరసయ్య ఆలోచనలో పడ్డాడు. ఉన్నోడు, లేనోడు అన్నారు. ఎవరైనా రావచ్చన్నారు. ఇప్పుడు సర్కారు అధికారి కూడా వస్తున్నాడు. లేనివాళ్ళకు బంజరు భూములు పంచడానికి కాకపోతే ఇంకెందుకు? మధ్యాహ్నానికి ఆ మాట ఊరు దాటింది. సాయంత్రానికి వరికుంటపాడు చేరింది. చేరేటప్పటికి 'చాంద్ బాషా చెప్పినాడంట' అన్న ముక్క దానికి తగులుకుని ఉంది.

శుక్రవారం బస్సు దిగిన ఆర్చిడీకన్‌గారు గుడి దగ్గరికి రాలేకపోయారు. జనం రోడ్డు మీదిదాకా ఉన్నారు. బెంచీలు నిండి, కిటికీలు నిండి, గోడల మీద కూడా ఎక్కి కూర్చున్నారు. ఆయనను లోపలికి చేర్చడానికి కొండలయ్య గంట కొట్టవలసి వచ్చింది. జ్ఞానప్రకాశం అయ్యగారు తలలు లెక్కపెట్టబోయి మధ్యలో వదిలేశారు.

ఇంతలో సబిన్‌స్పెక్టరు కానిస్టేబుళ్ళతో దిగాడు. జనమంతా లేచి దండాలు పెట్టి దారి ఇచ్చారు. అయ్యగారు ఎదురువెళ్ళి, "మీవంటివారు చర్చకు రావడం మా భాగ్యం" అంటూ ముందు వరుసలో కుర్చీ వేయించారు. పట్టుకోవడానికి వచ్చినవాడు ఏం చేయాలో తెలియక కూర్చున్నాడు.

"ఎవరైనా మొదలుపెట్టవచ్చు" అన్నారు అయ్యగారు.

పెంచలనరసయ్య లేచి సబిన్‌స్పెక్టరుకు చేతులు జోడించాడు. "మనిషికి ఎన్నెకరాలు ఇస్తా ఉండారు సార్?"

సబిన్‌స్పెక్టరు ఎగిరి నిలబడ్డాడు. "అదీ! భూములు పంచుతామని మీకు చెప్పిందెవరు? భయపడకుండా పేరు చెప్పండి!"

"మీ చాంద్ బాషానే సార్!" అని గుడి మొత్తం ఒక్క గొంతుతో చెప్పింది.

చాంద్ బాషా స్తంభం చాటుకు జరగబోయాడు. అక్కడ బీబమ్మ నిలబడి ఉంది. "ఆయన చెప్పేటియి నమ్మబాకండి సార్. నాకు జ్వరమని కూడా చెప్పినాడు" అంది.

సబిన్‌స్పెక్టరు ముఖం తుడుచుకున్నాడు. తన కానిస్టేబులే జనాన్ని పోగుచేశాడని పైవాళ్ళకు తెలిస్తే ముందు పోయేది తన ఉద్యోగం. ఆఖరి ఆశగా ఆర్చిడీకన్‌గారి వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు. "మరియమ్మ అనే ఆవిడ ఎక్కడుంటుందండీ? పెద్దవాళ్ళను గద్దె దించుతానని పాట కట్టిందట."

"ఏసుప్రభువు తల్లి అండీ" అన్నారు ఆర్చిడీకన్‌గారు. "ఆ పాట మేం రోజూ సాయంత్రం ఆరాధనలో పాడతాం. ఇంగ్లాండులో రాజుగారు కూర్చుని ఉన్నా పాడతారు."

"ఆయన ఏమీ అనరా?"

"ఆయన కూడా పాడతారు."

సబిన్‌స్పెక్టరు మెల్లగా కూర్చున్నాడు. భూములు లేవని తెలిసినా జనం కదలలేదు. ఎందుకు లేవని ఒకరు లేచారు. ఉంటే ఎవరికివ్వాలని మరొకరు లేచారు. వారం క్రితం నోరు విప్పని సంఘస్థులు అయ్యగారి మాటకే అడ్డం వెళ్ళారు. లిదియమ్మయితే సబిన్‌స్పెక్టరునే నిలబెట్టి, ఆయనకు సొంతూళ్ళో ఎంత మాగాణి ఉందో చెప్పమంది. దీపాలు పెట్టేదాకా గుడి తేనెతుట్టెలా మోగుతూనే ఉంది.

ఇంత సజీవమైన చర్చాబృందాన్ని తన సర్వీసులోనే చూడలేదని ఆర్చిడీకన్‌గారు అన్నారు. ఉదయగిరిని ఎక్కడా కలపబోమనీ, చర్చ వారం వారం జరగాలనీ చెప్పి పొద్దుటి బస్సుకు వెళ్ళిపోయారు. మరియమ్మ సంగతి తేలినా, పైవాళ్ళకు ఏదో ఒకటి చూపించాలి కనుక సబిన్‌స్పెక్టరు నిఘా మాత్రం ఎత్తేయలేదు.

భూముల మాట లేని మరుసటి శుక్రవారం చర్చకు ముగ్గురే వచ్చారు. వారిలో ఇద్దరు మఫ్టీలో ఉన్నారు.