లోపం లేని ఆఫీసులో ఓవెన్ తలుపు

తమ కార్యాలయంలో ఇకమీదట లోపం అనేది ఉండబోదని మంత్రిగారు ప్రకటించారు. ఆ మర్నాటి నుంచీ నిజంగానే లేకుండా పోయింది. ఆయన మాటకున్న బలం అలాంటిది. వరండా గోడకి పెద్ద బోర్డు పెట్టించారు. పైన "లోపం లేని రోజులు" అని అక్షరాలు, కింద ఒక అంకె. రోజూ ఉదయం పదింటికి ఆ అంకెని ఒకటి పెంచడానికి ఒక గుమాస్తా, అతను సరిగ్గా పెంచాడో లేదో చూడటానికి ఒక సూపరింటెండెంటు.

అంతకుముందు కంప్లైంటు రిజిస్టరు నెలకొకటి నిండిపోయేది. కంప్లైంటు రాసినవాళ్ళని సంజాయిషీ అడగడం మొదలెట్టగానే ఫ్యాన్లు, కుళాయిలు, గీజర్లు అన్నీ బుద్ధి తెచ్చుకున్నాయి. మూడో అంతస్తులో ఇరుక్కుపోయిన లిఫ్టు కూడా మారింది. దాని మీద ఇప్పుడు "మూడో అంతస్తులో అందుబాటులో ఉన్నది" అని కాగితం అతికించి ఉంది.

ఇంతటి ఘనకార్యాన్ని చూసి మనస్ఫూర్తిగా సంతోషించలేనివాడు ఆ బిల్డింగు మొత్తానికి ఒక్కడే, మెకానిక్. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్నాడు పాపం. ఆ కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది. పర్మనెంటు చెయ్యమని అతను పెట్టుకున్న ఫైలు పీఏగారి గదిలో మూడేళ్ళుగా విశ్రాంతి తీసుకుంటోంది. లోపమే లేని ఆఫీసుకి మెకానిక్ ఎందుకని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో అతనికి తోచడం లేదు.

ఇంట్లో పరిస్థితి ఇంతకన్నా గొప్పగా లేదు. తోడల్లుడు పర్మనెంటు. మామగారు ఎవరికి పరిచయం చేసినా ఒకటే వరస.

"ఈయన మా పెద్దల్లుడు, పర్మనెంటు. ఇతను రెండో అల్లుడు, ఉన్నాడు."

అలా ఉంటుండగా తొంభై ఏడో రోజున, మంత్రిగారి గది పక్కనున్న వంటగదిలోంచి టీ అక్క కబురు పెట్టింది. మంత్రులు మారినా, పార్టీలు మారినా ఆ ఆఫీసులో టీ పెట్టేది ఆవిడే కాబట్టి అందరికీ ఆవిడ టీ అక్క.

"తమ్ముడూ, ఈ మైక్రోవేవ్ తలుపు పడి చావడం లేదు. చేత్తో అదిమితే తిరుగుతోంది, వదిలితే ఆగిపోతోంది. పన్నెండున్నరకి అయ్యగారి సూపు వేడి చెయ్యాలి."

మెకానిక్ ముందు ప్లగ్గు పీకేశాడు. ఎంత చిన్న పనైనా ముందు ప్లగ్గు తీయడం అతనికి అలవాటు. తలుపు తెరిచి, అంచున బయటికొచ్చి ఉండే రెండు కొక్కేల్ని వేలితో నొక్కి చూశాడు. స్ప్రింగు పట్టు ఉంటే అవి నొక్కగానే తిరిగి లేవాలి. ఇవి లేవలేదు, వేలాడుతూ ఉండిపోయాయి.

"లోపల స్ప్రింగు జారిందక్కా. ఇదిగో, ఈ ప్లాస్టిక్ అంచు పైకి లేపి, స్ప్రింగుని దాని మేకుకి తగిలించి, అంచు మళ్ళీ నొక్కేస్తే సరి. రెండు నిమిషాల పని."

అలా అని బ్యాగులో చెయ్యి పెట్టాడో లేదో, గుమ్మంలో పీఏగారు ప్రత్యక్షమయ్యారు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"ఓవెన్ తలుపు రిపేరండీ."

పీఏగారు లోపలికొచ్చి వంటగది తలుపు మూసి గొంతు తగ్గించారు. "రిపేరు చేస్తే ఏమైనట్టు?"

"బాగైనట్టండీ."

"కాదయ్యా. అంతకుముందు పాడైనట్టు. ఎల్లుండి దాటితే వందో రోజు. పత్రికలవాళ్ళు వస్తున్నారు. ఇప్పుడు బోర్డు మీద సున్నా పెట్టుకుని కూర్చుందామా?"

"ఎవరికీ చెప్పనండీ. రెండు నిమిషాలు మీరు అటు తిరగండి చాలు."

"స్క్రూడ్రైవరు బయటికి తీస్తే రిజిస్టర్లో ఎక్కించాలి. అందులో 'లోపం' అని ఒక గడి ఉంది. అందులో ఏం రాస్తావు?"

మెకానిక్ ఆలోచించాడు. ఆ గడిలో రాయదగ్గ మాట అతనికి దొరకలేదు. పీఏగారికీ దొరకలేదు. అందుకని సాయంత్రానికల్లా అయిదుగురు అధికారులతో ఒక కమిటీ వేశారు. వాళ్ళు ఓవెన్ చుట్టూ నిలబడి, తలుపుని ఒకరి తర్వాత ఒకరు వేసి చూసి, బిస్కెట్లు తిని, రిపోర్టు ఇచ్చారు. "తలుపు మూసుకొనుటకు పూర్తి సంసిద్ధతతో ఉన్నది. మూసుకొని ఉండుట అను అంశము పరిశీలనలో ఉన్నది." ఇంత నిక్కచ్చి రిపోర్టు ఆ ఆఫీసులో ఈ మధ్య రాలేదని చూసినవాళ్ళందరూ అన్నారు.

రిపోర్టుతో సూపు వేడెక్కదు కదా. స్క్రూడ్రైవరు తియ్యకుండా ఉపాయం చూడమని మెకానిక్‌ని పురమాయించారు. ఓవెన్‌కీ ఎదురుగా ఉన్న అల్మరాకీ మధ్య మూరెడు సందుంది. అందులో ఫైళ్ళు దొంతరగా కుక్కితే తలుపు కదలదని పీఏగారికి తట్టింది. ఎనిమిది ఫైళ్ళు కుక్కారు. ఇంకా రెండు వేళ్ళ సందు మిగిలింది. పీఏగారు తన గదిలోకి వెళ్ళి, దుమ్ము దులుపుకుంటూ లావుపాటి ఫైలొకటి పట్టుకొచ్చారు. అట్ట మీద మెకానిక్ పేరుంది.

"చూశావా, మూడేళ్ళకి నీ ఫైలు కదిలింది," అన్నారు ఆప్యాయంగా.

ఫైలు అతికినట్టు సరిపోయింది. అయితే తొమ్మిది ఫైళ్ళూ లాగి తలుపు తెరిచేసరికి సూపు చల్లారిపోయింది. మంత్రిగారు ఒక చెంచా నోట్లో పెట్టుకుని పీఏగారి వంక చూశారు. ఆ చూపు తర్వాత మెకానిక్కే ఓవెన్ ముందు నిలబడి, అరచేత్తో తలుపు అదిమి పట్టుకోవడం మొదలైంది. సూపుకి మూడు నిమిషాలు, పాలకి రెండు, పీఏగారి భోజనం డబ్బాకి నాలుగు. సాయంత్రానికి చెయ్యి ఎర్రగా కందిపోయింది. రెండు నిమిషాల పనిని పక్కన పెట్టి రోజంతా నిలబడుతున్నందుకు అతనికి ఒళ్ళు మండిపోయింది. నెలాఖరు గుర్తొచ్చి ఊరుకున్నాడు.

వందో రోజు వచ్చింది. పాతికమంది విలేకరులు, పూలదండ వేసిన బోర్డు, మంత్రిగారి ఉపన్యాసం. ఉపన్యాసం గంటంపావు సాగడంతో అందరి కాఫీలూ చల్లారాయి. వెనక వరసలో కూర్చున్న ఒక విలేకరి అమ్మాయి తన కప్పు పట్టుకుని వేడి చేసుకుందామని వంటగదివైపు నడిచింది. మంత్రిగారు అది చూసి, "ఉండమ్మా, నేనే స్వయంగా వేడి చేసిస్తాను," అని బయల్దేరారు. వెనకాలే కెమెరాలు, వాటి వెనకాల పీఏగారు చెమటలు తుడుచుకుంటూ.

ఓవెన్ ముందు మెకానిక్ అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. మంత్రిగారు కప్పు లోపల పెట్టి, తలుపు వేసి, "నువ్వు తప్పుకోవయ్యా," అన్నారు. అతను తప్పుకున్నాడు. తలుపు తాపీగా తెరుచుకుని కెమెరాల వైపు తిరిగి ఆగింది.

"పాడైందా అండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

  మెకానిక్‌కి తన పదకొండేళ్ళూ ఆ తలుపుకే వేలాడుతున్నట్టు అనిపించింది. ఎలాగూ మునిగాం, ఉన్న మాట చెప్పేస్తే పోతుందనుకుని, "అవునండీ, రెండు నిమి..." అనబోయాడు. మంత్రిగారి చెయ్యి అతని భుజం మీద పడింది.

"పాడవడమేంటమ్మా. మీరు చూస్తున్నది పాలసీ. యంత్రాలొచ్చి మనుషుల పనులు లాక్కుంటున్న రోజులివి. మా ఆఫీసులో మాత్రం మనిషి చెయ్యి పడందే యంత్రం తిరగదు. అలా డిజైన్ చేయించాం. ఇతనే మొదటి ఉద్యోగి."

"కాంట్రాక్టా అండీ?"

"పర్మనెంటు," అన్నారు మంత్రిగారు ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

చప్పట్లు మోగాయి. మెకానిక్ మళ్ళీ అరచెయ్యి ఆనించాడు, కాఫీ వేడెక్కింది. సాయంత్రం అయిదింటికల్లా ఆర్డరు చేతికొచ్చింది. హోదా, ద్వార సంధాన సహాయకుడు, మొదటి శ్రేణి. అందులో ఒకటే షరతు. ఓవెన్ ప్రస్తుత స్థితి కొనసాగినంత కాలం ఈ పోస్టు కొనసాగును.

ఆ ఆదివారం మామగారు పక్కింటాయన్ని పనిగట్టుకుని ఇంటికి పిలిచారు. "ఈయన మా రెండో అల్లుడు, పర్మనెంటు," అన్నారు. తోడల్లుడు పక్కనే ఉన్నా ఆయన ఊసే ఎత్తలేదు. ఏ డిపార్టుమెంటు అని పక్కింటాయన అడిగితే, మెకానిక్ "టెక్నికల్" అన్నాడు. వంటింట్లో భార్య అతని చెయ్యి పట్టుకుని, అరచేతిలో కట్టిన కాయని వేలితో నిమిరి, ఏడుస్తూ నవ్వింది. అతనికి నిజంగానే సంతోషంగా ఉంది. ఎందుకుండదూ.

నాలుగు నెలలు గడిచాయి. మనిషి చెయ్యి పాలసీని చూసి నేర్చుకోవడానికి పక్క శాఖలవాళ్ళు బృందాలుగా వచ్చి వెళుతున్నారు. అలాంటి బృందం ఒకటి పదకొండింటికి రావలసిన రోజున, మెకానిక్ వంటగదిలో అడుగుపెట్టేసరికి టీ అక్క నవ్వు మొహంతో ఎదురొచ్చింది.

"తమ్ముడూ, ఇలా చూడు."

ఓవెన్ తలుపు వేసింది. టక్కుమంది. చెయ్యి తీసేసింది. తలుపు కదల్లేదు.

"నువ్వు ఆ రోజు చూపించావుగా. ముందు ప్లగ్గు తీశాలే, భయపడకు. పళ్ళు కోసే కత్తితో అంచు లేపి, హెయిర్‌పిన్నుతో స్ప్రింగు తగిలించాను. పొద్దస్తమానం అలా నిలబడి నీ చెయ్యి కాయలు కాచిపోతుంటే చూళ్ళేకపోయాను."

మెకానిక్ తలుపు తెరిచాడు, వేశాడు. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ వేశాడు. టక్కు, టక్కు. పదకొండేళ్ళలో ఇంత శుభ్రమైన రిపేరు తనూ చేసి ఉండడు. పొంగిపోయాడు.

"ఎంత బాగా చేశారక్కా. ఎవరికైనా చెప్పారా?"

"ఎవరికి చెప్తాను? పాడైందని చెప్పకూడని చోట బాగైందని చెప్తే ఊరుకుంటారా?"

అతను గుమ్మంలోంచి వరండాలోకి తొంగి చూశాడు. బోర్డు మీద రెండు వందల ఇరవై. గడియారంలో పదకొండుకి అయిదు తక్కువ. మెట్ల మీద అడుగుల చప్పుడు, పీఏగారి గొంతు వినిపిస్తున్నాయి. లోపలికొచ్చి ప్లగ్గు పీకాడు.

"అక్కా, ఆ కత్తి ఇలా ఇస్తారా?"

ఆవిడ అతని మొహంలోకి చూసింది. కత్తి ఇచ్చింది, జుట్టులోంచి హెయిర్‌పిన్ను తీసి అదీ ఇచ్చింది, అటు తిరిగి కప్పులు కడగడం మొదలెట్టింది.

బృందం లోపలికి వచ్చేసరికి స్ప్రింగు అతని చొక్కా జేబులో ఉంది, అరచెయ్యి తలుపు మీద ఉంది. అతను మొదట్నించీ చెబుతూనే ఉన్నాడు, అది రెండు నిమిషాల పని.