దొర అడుగు మన్ను

ఆ బుధవారం పొద్దున హాబ్సన్ దొర చాయ తాగుతూ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇవాళ్టి నుంచి ఊళ్లో కనిపించినదాన్నల్లా మెచ్చుకోవాలి. మెచ్చుకుంటే మనుషులు దగ్గరవుతారని ఇంగ్లండులో వాళ్లమ్మ చెప్పేది. గోదావరికి ఈ ఒడ్డున, ధర్మపురికి ఎదురుగా ఉన్న ఈ ఊరి సంగతి ఆవిడకు తెలియదు. తెలియని ఊళ్లకు సలహాలివ్వడం ఆ దేశంలో అలవాటే.

నిర్ణయానికి కారణం ఉంది. శనివారం సికింద్రాబాదు నుంచి క్రాంప్టన్ దొర తనిఖీకి వస్తున్నాడు. మిషన్‌లో ఆయన పెద్ద దొర. పోయినసారి వచ్చినప్పుడు, ‘నువ్వు జనంలో కలవడం లేదు, ఇలాగే ఉంటే తీసుకుపోయి ఆఫీసులో కూర్చోబెడతాను’ అని చెప్పి వెళ్లాడు. హాబ్సన్‌కు ఆ ఆఫీసు వద్దు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు ఈ ఊరికి వచ్చి, మూడేళ్లు ఎండకూ తేళ్లకూ చలిజ్వరాలకూ ఓర్చుకుని అతను సంపాదించుకున్నది ఒక్కటే, మొండయ్య అనే రైతుతో స్నేహం. రోజూ సాయంత్రం మొండయ్య ఇంటి అరుగు మీద ఇద్దరూ కూర్చుంటారు. వానల గురించి ఒక మాట అనుకుంటారు, ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనుకోరు. మతం మారమని దొర అడగడు, మారతానని మొండయ్య అనడు. ఇంత సుఖమైన ఏర్పాటు వదులుకుని పోవాలంటే హాబ్సన్‌కు ఏడుపొచ్చేది.

అందుకే మెచ్చుకోలు మొండయ్య ఇంటి నుంచే మొదలైంది. మొండయ్య భార్య లస్మవ్వ కొట్టంలో బర్రెను పిండుతోంది. దొర ఉండే బంగళాకు పాలు వచ్చేదీ ఆ బర్రె నుంచే. హాబ్సన్ దాని ముందు నిలబడి, రాజమండ్రి పంతులు దగ్గర నేర్చుకున్న తెలుగులో, “ఆహా, ఎంతటి పుష్టి గల గేదె! ఇన్ని పాలిచ్చు గేదె ఈ ఊరిలో మరియొకటి లేదు” అన్నాడు. అని ఊరుకున్నా బాగుండేది. పొదుగు వంక తేరిపార చూసి మళ్లీ అన్నాడు. లస్మవ్వ చెంబు మీద కొంగు కప్పింది. అది సిగ్గనుకుని దొర సంతోషంగా వెళ్లిపోయాడు.

నరుడి కంటికి నల్లరాయి పగులుతుందంటారు. ఇక బర్రె ఎంత? సాయంత్రం అది పాలు చేపలేదు. మర్నాడు పొద్దున దగ్గరికి పోతే తన్నింది.

లస్మవ్వ బంగళా వెనకవైపు నుంచి వచ్చి, దొరకు వంట చేసే రిబ్కమ్మను కలిసింది. దిష్టి పెట్టిన మనిషి అడుగు మన్ను తెచ్చి, ఉప్పూ మిరపకాయలూ కలిపి, పశువు చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తే దిష్టి విరిగిపోతుంది. ఇది ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. రిబ్కమ్మ సంఘంలో పేరున్న భక్తురాలు, ఇలాంటివి నమ్మకూడదని ప్రతి ఆదివారం వింటూనే ఉంటుంది. కాని పొద్దున దొరకు నల్ల చాయ ఇచ్చి చీవాట్లు తిన్నది కూడా ఆవిడే.

“ప్రార్థన జేద్దాం లస్మవ్వా” అంది ఆలోచించి. “గాని మన్ను గుడ తీస్కపో. దేనికదే.”

హాబ్సన్ వాకిలి దాటగానే లస్మవ్వ వెనకాలే వంగి, బూటు అచ్చులోని దుమ్ము పిడికిట పట్టింది. అదే సమయానికి దొర వెనక్కి తిరిగాడు. ఆమెకు ఏం చేయాలో తోచక, మన్నుతో సహా చేతులు జోడించింది. హాబ్సన్ ఆశ్చర్యపోయి, ఇదేమిటని వెంట ఉన్న మిషన్ ప్రచారకుడు యేసుదాసును అడిగాడు. యేసుదాసు పెద్దల మనసు ఎన్నడూ నొప్పించని మనిషి, అంటే అవసరమైనప్పుడల్లా అబద్ధమాడే మనిషి. నీ కన్ను పాడుదని దొర మొహం మీద ఎలా చెబుతాడు?

“గౌరవం దొరగారూ” అన్నాడు.

ఆ సాయంత్రం బర్రె చేపింది. దాని కోపం అదే తగ్గిందో, మిరపకాయల ఘాటుకు జడిసిందో దానికే తెలియాలి. ఊరు మాత్రం మందు పనిచేసిందని తేల్చుకుంది. తన మెచ్చుకోలు పనిచేసిందని దొర తేల్చుకున్నాడు. శుక్రవారం అతనికి ఆపు లేకపోయింది. పోశవ్వ మనవడి బుగ్గలు మెచ్చుకున్నాడు, మధ్యాహ్నానికి పిల్లవాడికి ఒళ్లు కాలింది. లింగవ్వ కొత్త కాగు మెచ్చుకున్నాడు, అది దించుతుంటే పగిలింది. నాగయ్య చిక్కుడు పాదును చాలాసేపు మెచ్చుకున్నాడు. పాదుకు ఏమీ కాలేదు గాని, ఏదో ఒకటి అయ్యేదాకా ఎందుకు ఆగాలని నాగయ్య పెళ్లాం కూడా మన్నుకు బయలుదేరింది. శనివారానికి దొర ఎటు పోతే అటు వెనక ఆడవాళ్ల బారు. వాళ్లకు ఇబ్బంది కాకూడదని హాబ్సన్ అచ్చులు బాగా పడేట్టు నెమ్మదిగా అడుగులు వేశాడు.

మంచిర్యాల బస్సు దిగిన క్రాంప్టన్ దొరకు మొదట కనిపించింది ఆ బారే. బంగళా చేరేదాకా ఆయన నోరు విప్పలేదు. చేరాక విప్పాడు. జనంలో కలవమన్నాను గాని దేవుడివై కూర్చోమన్నానా అన్నాడు. పది ఆజ్ఞల్లో మొదటిదాన్నే కాళ్లకింద తొక్కి, ఆ తొక్కిన మన్ను పంచిపెడుతున్నావా అన్నాడు. రేపు ఆరాధన కాగానే పెట్టె సర్దుకుని తనతో సికింద్రాబాదు బయలుదేరమన్నాడు. హాబ్సన్ సంజాయిషీ చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు.

హాబ్సన్ తిన్నగా మొండయ్య దగ్గరికి పోయి, మీరంతా నన్ను పూజించి నా కొంప ముంచారని మొత్తుకున్నాడు. మొండయ్య నోట్లోని చుట్ట తీసి అతని వంక జాలిగా చూశాడు.

“నిన్ను పూజెవలు జేసిన్రు దొరా? నీ కన్ను మంచిగ లేదు. గది దిష్టి తీసుడు.”

హాబ్సన్ అరుగు మీద కూలబడ్డాడు. మూడేళ్ల సేవకు దక్కిన బిరుదు ఇదన్నమాట. అతనికి నిజంగానే దుఃఖం వచ్చింది. నువ్వయినా నాకు ఎందుకు చెప్పలేదని అడిగాడు.

“చెప్తే పరేషాన్ అయితవని చెప్పలే” అన్నాడు మొండయ్య. “కన్ను పాడుదైతేంది? దానికి మందున్నది. పగోని అడుగు మన్నుకు ఎవలన్న పోతరా? వాని వాకిట్ల కాలు గుడ పెట్టరు. నువ్వు మనోనివని గద, గంత ధైర్యంగ ఎత్తుకపోయిన్రు.”

హాబ్సన్ కళ్లు మళ్లీ తడిశాయి, ఈసారి వేరే కారణానికి. కాని ఈ ముక్క పెద్ద దొరకు చెప్పుకునేది కాదు. దేవుడయ్యాడని సికింద్రాబాదు పంపుతున్నవాడు, దిష్టి అయ్యాడంటే ఏకంగా ఓడ ఎక్కిస్తాడు.

అంతలో కోపం చల్లార్చుకోవడానికి షికారు బయలుదేరిన క్రాంప్టన్ దొర అటే వచ్చాడు. ఆయన రైతు బిడ్డ, పశువులంటే ప్రాణం. కొట్టం ముందు టక్కున ఆగాడు. హాబ్సన్ చెయ్యెత్తేలోగా జరగవలసింది జరిగిపోయింది. మా నాన్న మందలో కూడా ఇంతటి పొదుగు చూడలేదని పెద్ద దొర అందరికీ అర్థమయ్యే తెలుగులో అన్నాడు. అని, దాన్ని నిమిరాడు. లస్మవ్వ చెంబు మీద కొంగు కప్పింది. అది సిగ్గు కాదని హాబ్సన్‌కు ఇప్పుడు తెలుసు.

ఆదివారం ఆరాధన అయింది. హాబ్సన్ పెట్టె వరండాలోకి వచ్చింది. క్రాంప్టన్ దొర బస్సు కోసం రోడ్డుకు నడుస్తుంటే వెనకాల ఏదో అలికిడయింది. తిరిగి చూస్తే లస్మవ్వ. ఆమె వెనక, నిన్న ఆయన ఎవరెవరి ఇళ్ల ముందు నుంచి షికారు పోయాడో ఆ ఇళ్ల ఆడవాళ్లంతా. అందరూ వంగి ఆయన బూటు అచ్చులు ఎత్తుకుంటున్నారు. ఆయన ఇదేమిటన్నట్టు యేసుదాసు వంక చూశాడు. యేసుదాసు హాబ్సన్ వంక చూశాడు. హాబ్సన్ గోదావరి వంక చూశాడు.

“గౌరవం దొరగారూ” అన్నాడు యేసుదాసు.

పెద్ద దొర తల మీది టోపీ తీశాడు. పూజ వేరు, ప్రేమ వేరు అన్నాడు. నిన్న తొందరపడ్డానన్నాడు. ఇంత ప్రేమగల జనాన్ని వదిలి రావడం హాబ్సన్‌కు ధర్మం కాదని, ఆ పెట్టె లోపల పెట్టించమన్నాడు. బస్సు వచ్చి హారన్ కొట్టినా, వెనకబడిన ఒక ముసలమ్మకు కూడా దక్కాలని మరో నాలుగడుగులు నిదానంగా వేసి మరీ ఎక్కాడు. హాబ్సన్ అబద్ధమాడలేదు. నోరు విప్పలేదు, అంతే.

ఆ సాయంత్రం అరుగు మీద ఇద్దరూ వానల గురించి ఒక మాట అనుకున్నారు. కొట్టంలో లస్మవ్వ పాలు పిండుతూ, దొర బర్రె వైపు తల తిప్పేసరికి చెంబు మీదికి కొంగు లాగింది. హాబ్సన్ దాన్ని పైనుంచి కిందికి చూసి మొహం చిట్లించాడు.

“ఏం బర్రె మొండయ్యా ఇది? ఇంత బక్క బర్రెను నేను యాడ జూడలే.”

లస్మవ్వ మొహం విప్పారింది. లేచి వచ్చి ముంతెడు పాలు అతని చేతిలో పెట్టింది. మూడేళ్లకు హాబ్సన్ దొరకు తెలుగు వచ్చింది.