ఇడ్లీల దిండు

ఆదివారం తెల్లవారకముందే జైతున్‌బీ ఇడ్లీ పాత్ర పొయ్యి మీదికి ఎక్కించి, మొగుణ్ణి తట్టి లేపి, "ఆ దిండు సంగతి చూడు" అంది.

లాల్ అహ్మద్‌ది మార్టూరులో పరుపులు కుట్టే పని. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లకు పరుపులూ దిండ్లూ ఆయన కొట్టు నుంచే వెళ్తాయి. కానీ ఆ రోజు భార్య అప్పగించిన పని ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఇడ్లీల డబ్బా మధ్యలో పెట్టి దాని చుట్టూ దిండు కుట్టాలి. ఎటు నొక్కినా దూదే తగలాలి.

వాళ్ల మనవరాలు నగ్మాకు ఎండాకాలం మొదట్లో పచ్చకామెర్లు వచ్చి తగ్గాయి. నూనె వద్దు, కారం వద్దు, బయటి తిండి అసలే వద్దు అన్నాడు డాక్టరు. పిల్ల చూస్తుండగా పెద్దవాళ్లు తింటే దానికి నోరూరుతుందని జైతున్‌బీ ఇల్లంతటికీ పత్యం పెట్టింది. మిరపకాయల కల్లాల మధ్య పుట్టి పెరిగిన లాల్ అహ్మద్, ఉడికించిన సొరకాయ ముక్కలు ముందు పెట్టుకుని, "కామెర్లు దానికా, నాకా?" అని గోడను అడిగేవాడు.

ఇప్పుడు అందరూ కలిసి హైవే పక్కన కొత్తగా కట్టిన, రాట్నాలూ నీళ్ల ఆటలూ ఉన్న పెద్ద పార్కుకు వెళ్లాలి. ఎదురింటి సామ్రాజ్యం అప్పటికే చూసొచ్చి చెప్పింది. "పిన్నీ, బయటి తిండి గింజ కూడా లోపలికి రానివ్వరు. మా పిల్లల జంతికలు గేటు దగ్గరే లాగేసుకున్నారు. లోపల దొరికేవన్నీ నూనెలో తేలేవే."

పార్కుకు రమ్మన్నది అల్లుడు అబ్దుల్లా. జైతున్‌బీ కూతురు చాంద్‌బీ, నగ్మాకు ఊహ తెలియకముందే పోయింది. అప్పటి నుంచి పిల్ల అమ్మమ్మ ఒడిలోనే పెరిగింది. అబ్దుల్లా హైదరాబాదులో ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. కిందటేడు సిద్దికాను నిఖా చేసుకున్నాడు. ఇక కూతురు తన దగ్గరుండి చదువుకోవాలని అతని కోరిక. ఆ మాట ఫోన్లో మెత్తగానే చెప్పాడు.

"ఒక్క రోజు అందరం కలిసి గడుపుదాం అత్తమ్మా. సాయంత్రం నగ్మా మాతో వస్తానంటే తీసుకెళ్తాం. రానంటే మీ దగ్గరే ఉంటుంది. బలవంతం లేదు."

ఎవరి చేతి ముద్ద తింటే పిల్ల వాళ్ల మనిషే అని జైతున్‌బీ గట్టి నమ్మకం. రోజంతా తన పక్కనే కూర్చోబెట్టుకుని, తన చేత్తోనే పెడితే, సాయంత్రం అది ఎవరి కారూ ఎక్కదు. పెళ్లిళ్లకూ చావులకూ ఎంతోమందిని సాగనంపిన మనిషి ఆమె. ఈ ఒక్కదాన్నీ సాగనంపే ఓపిక తనకు లేదని ఆమెకు తెలుసు.

"దూదిలో పెడితే వేడి కూడా ఆరదు" అన్నాడు లాల్ అహ్మద్, దబ్బనంతో ఆఖరి ముడి వేస్తూ. దిండు అన్ని వైపులా నొక్కి చూసుకుని, "అల్లా మీద ఒట్టు, ఇంత మంచి దిండు నేను మన పెళ్లికి కూడా కుట్టలేదు" అన్నాడు.

"అది నాకు తెలుసులే" అంది జైతున్‌బీ.

పార్కు గేటు దగ్గర అబ్దుల్లా, సిద్దికా ముందే వచ్చి ఎదురుచూస్తున్నారు. సిద్దికా సన్నగా, భయంభయంగా ఉంది. "బాగున్నారా అమ్మా?" అని పలకరించింది. తనను అమ్మా అని పిలిచే నోరు ఒకటి మట్టిలో కలిసిపోయాక, ఆ పిలుపు ఎక్కడ పెట్టుకోవాలో జైతున్‌బీకి తెలియలేదు. "ఊఁ" అని ఊరుకుంది. సిద్దికా చేతిలో పెద్ద సంచి ఉంది. ఆ సంచి పట్టుకుని పక్క కిటికీ దగ్గరికి వెళ్లి ఎవరితోనో ఏదో మాట్లాడింది. చిప్సులూ కూల్‌డ్రింకులూ కొంటోందని జైతున్‌బీ మనసులో రాసేసుకుంది.

లైను కదిలింది. అబ్దుల్లా, సిద్దికా, వాళ్ల మధ్య నగ్మా ముందు దాటారు. వెనక జైతున్‌బీ దిండుతో వచ్చింది. గేటు కాపలా ఇమ్మానియేలు చిలకలూరిపేట కుర్రాడు, మర్యాదస్తుడు.

"దిండు ఎందుకండీ పెద్దమ్మా?"

"నడుం నొప్పి నాయనా."

అతను చేతిలోని మెటల్ డిటెక్టర్ దిండు మీద ఆడించాడు. అది కీచుమంది. మళ్లీ ఆడించాడు. మళ్లీ కీచుమంది.

"ఇందులో ఏముందండీ?"

"దూది" అన్నాడు లాల్ అహ్మద్.

"దూదికి ఇది మోగదండీ."

తన దూది మీద మాట పడితే లాల్ అహ్మద్ ఆగలేడు. "కుట్టేటప్పుడు దబ్బనం లోపల మర్చిపోయానేమో. దూదిలో మాత్రం నలక ఉండదు."

"దబ్బనమంటే ఎంతుంటదండీ?"

లాల్ అహ్మద్ దాచకుండా జానెడు చూపించాడు. ఇమ్మానియేలు ఒక అడుగు వెనక్కి వేసి విజిల్ ఊదాడు. సూపర్‌వైజరు జయరావు పరుగున వచ్చి, దిండును ఒక కుర్చీలో కూర్చోబెట్టి, దంపతులను పక్కన నిలబెట్టాడు. లోపలి నుంచి అబ్దుల్లా వెనక్కి రాబోయాడు.

"నువ్వు రాకు. పిల్లని వదిలి రాకు" అని కేకేసింది జైతున్‌బీ. పిల్ల ఒక్కతే సిద్దికాతో మిగలడం ఆమెకు ఇష్టం లేదు. "క్షణంలో వచ్చేస్తాం, పొండి."

"విప్పి చూపించండమ్మా, పోతుంది" అన్నాడు జయరావు.

విప్పితే ఇడ్లీలు పోతాయి. ఇడ్లీలు పోతే పిల్ల పోతుంది. జైతున్‌బీ నోటికి తోచింది అనేసింది. "దబ్బనం కాదు బాబూ. తాయెత్తు. రాగి రేకు. మా ఊరి దర్గాలో కట్టించి లోపల కుట్టాం. విప్పకూడదు."

అనగానే ఆమె నాలుక ఆమెకే చేదైంది. లాల్ అహ్మద్ ఆకాశం వైపు చూశాడు. జయరావు ముఖం మాత్రం మారిపోయింది. అతని తల్లి ఏటేటా ఉరుసుకు వెళ్లి చాదర్ కప్పించి వచ్చే మనిషి. "అయ్యో, ముందే చెప్పొద్దా అమ్మా" అని దిండు ముందు చెప్పులు విడిచాడు. విప్పడానికి తన చెయ్యి రాదనీ, మేనేజరుగారు వచ్చి చెబితే పంపిస్తాననీ అన్నాడు. మేనేజరుగారు గుంటూరు నుంచి బయలుదేరారని తెలిసింది. ఎప్పుడొస్తారో మాత్రం ఎవరికీ తెలియలేదు.

ఇంతలో లైనులో ఉన్న యలమందయ్య అనే ముసలాయన, మోకాళ్ల నొప్పుల మనిషి, కర్ర ఊతంతో వచ్చి దిండు మీద చెయ్యి వేశాడు. వేసి, అలాగే ఉంచాడు.

"ఒరేయ్, ఇది వెచ్చగా ఉందిరా."

ఆ మాట లైను చివరిదాకా పాకింది. ఎండాకాలంలో ఏదైనా వెచ్చగానే ఉంటుందని ఎవరికీ తోచలేదు. యలమందయ్య దిండుకు మోకాలు ఆనించి కళ్లు మూసుకున్నాడు. "కాపడం పెట్టినట్టుంది. పొద్దుటి నొప్పి ఇప్పుడు లేదు." ఒక తల్లి చంటిపిల్లాడి నుదురు ఆనించింది. ఇంకొకావిడ జడలోని మల్లెలు తీసి దిండు మీద పెట్టింది. జయరావు తాడు కట్టి ఆడవాళ్లకొక లైను, మగవాళ్లకొక లైను పెట్టించాడు. పార్కు లోపలికి పోయే లైను కన్నా ఇది పొడుగైంది.

"అమ్మా, మా వాడికి చదువు రావట్లేదు. ఒక మాట చెప్పు" అని ఒకావిడ జైతున్‌బీ చేతులు పట్టుకుంది.

"నాకేం తెలుసు తల్లీ" అంది జైతున్‌బీ. ఆ వినయానికి లైను ఇంకా పెరిగింది.

"తౌబా చెప్పుకో, అల్లా క్షమిస్తాడు" అన్నాడు లాల్ అహ్మద్ చెవిలో.

"ఇందాకటి నుంచీ అదే చెప్పుకుంటున్నా" అంది ఆమె.

ఎవరిదో బిడ్డ తల నిమురుతూ ఆమె తలెత్తింది. గోడ మీదుగా పెద్ద రంకులరాట్నం కనిపిస్తోంది. పై తొట్టిలో ఎర్ర గౌను. నగ్మాదే. పక్కన సిద్దికా. తొట్టి కిందికి దిగుతుంటే పిల్ల భయపడి సిద్దికా చెయ్యి పట్టుకుంది. సిద్దికా సంచిలోంచి ఏదో తీసి పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల నోరు తెరిచి తింది. తన చెయ్యి అక్కడ ఉండాల్సింది. ఇక్కడ ఎవరి బిడ్డల తలల మీదో ఉంది.

"విప్పు" అంది జైతున్‌బీ.

"ఇంతమందిలోనా?"

"విప్పమంటున్నా. అది చిప్సులు పెడుతోంది దానికి."

మంచి పనివాడి కుట్టు ఒక్క కొస లాగితే మొత్తం ఊడి వస్తుంది. లాల్ అహ్మద్ లాగాడు. గేటు దగ్గర జనం చల్లదనానికని మనిషెత్తు ఫ్యాను ఒకటి పెట్టి ఉంది. దిండు నోరు తెరిచింది దాని ఎదురుగానే. పార్కు వాళ్లకు దూది అంటే ఏమిటో ఆ క్షణంలో తెలిసింది. అది గోడ దాటింది. నీళ్ల కొలనులోకి దిగింది. తడిసిన ఒంటితో తిరుగుతున్న వాళ్లందరూ ఒక్కసారిగా నెరిసిపోయారు. కుర్చీలో ఇడ్లీల డబ్బా మిగిలింది.

జైతున్‌బీ డబ్బా మూత తీసి చూపించింది. "తాయెత్తు లేదు. నేను అబద్ధం చెప్పా. మా పిల్లకి పత్యం ఇడ్లీలు ఇవి."

యలమందయ్య డబ్బాలోకి తొంగి చూశాడు. ఆనక చెయ్యి చాపాడు. "మోకాలి నొప్పి పోయిన మాట నిజమే కదమ్మా. నాకొకటి పెట్టు."

ఆయన కళ్లకద్దుకుని తిన్నాడు. ఇక అందరూ చేతులు చాపారు. కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. తెల్లవారుజామున లేచి మనవరాలి కోసం వండిన ఇడ్లీలు ముక్కలు ముక్కలై, ముక్కూ మొహం తెలియని వాళ్ల నోళ్లలోకి పోయాయి. "కారప్పొడి ఉంటే ఇంకా మహత్యంగా ఉండేది" అన్నాడు యలమందయ్య, చెయ్యి కడుక్కుంటూ.

జయరావు చెప్పులు తొడుక్కున్నాడు. కోపంకన్నా అతని ముఖంలో బాధే ఎక్కువగా ఉంది. "ఎందుకమ్మా ఇంత పని? పత్యం పిల్లలకి తిండి తెచ్చుకోవచ్చు. డాక్టరు చీటీ చూపిస్తే ఆ కిటికీ దగ్గర స్టిక్కరు అంటించి పంపిస్తాం. ఇందాక సన్నగా ఒకామె అలానే ఇడ్లీలు, బార్లీ నీళ్లు తీసుకుపోలేదా? వారం ముందే ఫోన్ చేసి అడిగింది కూడా."

జైతున్‌బీ ఖాళీ డబ్బాకు మూత పెట్టింది. లాల్ అహ్మద్ ఆమె వైపు చూడలేదు.

కొలను మోటార్లలో దూది ఇరుక్కుంది. చేసినవాళ్లే తీయాలన్నారు మేనేజరుగారు ఫోన్లో. భార్యాభర్తలు ఎండలో వంగి గోడ వెంట పొదల మీదా గడ్డి మీదా ఏరుతూ తిరిగారు. పడుచుతనంలో చేలో పత్తి తీసినప్పుడు నడుముకు ఒడి కట్టుకుని పాటలు పాడుకుంటూ తీసేది జైతున్‌బీ. ఇప్పుడు కొంగులో పట్టినంత పోగేసి, రంకులరాట్నం ఆగిన ప్రతిసారీ తలెత్తి చూస్తూ తీసింది. అబ్దుల్లా ఫోన్ చేసినప్పుడల్లా "వస్తున్నాం, మీరు ఆడుకోండి" అని చెప్పించింది. ఈ అవతారంలో పిల్లకు కనబడటం ఆమెకు ఇష్టం లేకపోయింది.

పొద్దు వాలాక అబ్దుల్లా వాళ్లే బయటికి వచ్చారు. నగ్మా తడిజుట్టుతో పరిగెత్తుకొచ్చి అమ్మమ్మ నడుం చుట్టేసింది. "ఎక్కడికి పోయావు అమ్మమ్మా? జారుడుబండ ఎంత పెద్దదో తెలుసా? నేను కళ్లు మూసుకోలా. సిద్దికమ్మే మూసుకుంది." అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నన్ను వాళ్లింటికి రమ్మంటున్నారు. వెళ్లనా అమ్మమ్మా?"

వద్దంటే ఆగిపోయే పిల్లే. అది జైతున్‌బీకి తెలుసు. అబ్దుల్లా నేల చూస్తున్నాడు. సిద్దికా సంచి తెరిచి డబ్బా బయటికి తీసింది.

"పొద్దున్నుంచి మీరేం తినలేదంట కదమ్మా. రెండు ఇడ్లీలు మిగిలాయి. తినండి."

జైతున్‌బీ ఒకటి తుంచి నోట్లో పెట్టుకుంది. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. నెమ్మదిగా నమిలింది.

"ఉప్పు తగ్గింది" అంది.

సిద్దికా కంగారుపడింది. "ఎంత వెయ్యాలో నాకు సరిగా తెలీదమ్మా. వేసేటప్పుడు మీకు ఫోన్ చెయ్యనా?"

"చెయ్యి. రోజూ చెయ్యి. అడక్కపోతే అంత దూరంలో నీకు ఎట్లా తెలుస్తది?" అని, పిల్ల జుట్టు తన కొంగుతో తుడిచి, "వెళ్లిరా బంగారూ" అంది. కొంగుకు అంటుకున్న దూది కొంత పిల్ల జుట్టులోకి చేరింది. కారు వెళ్లేదాకా ఆమె చెయ్యి ఊపుతూనే ఉంది. వెళ్లాక కూడా కొంతసేపు ఊపింది.

మార్టూరు బస్సులో లాల్ అహ్మద్ బట్టల మీది దూది దులుపుకుంటూ అడిగాడు.

"ఉప్పు నిజంగా తగ్గిందా?"

జైతున్‌బీ కిటికీ వైపు తిరిగింది. బయట మిరప చేలు ఖాళీగా, ఎండి ఉన్నాయి.

"సరిపోయింది" అంది.