జల్లెడగారి నాలుక

చిన్నల్లుడు ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే షాపుకి వెళ్ళాలి, గాజు తలుపు దగ్గరుండి తుడిపించాలి, పదకొండింటికి జల్లెడగారు వచ్చేసరికి చొక్కా చెమటతో తడవకుండా చూసుకోవాలి. ఆఖరిది ఇంట్లోనే బెడిసికొట్టింది. అద్దం ముందు గుండీలు పెట్టుకుంటుండగానే వీపంతా తడిసిపోయింది.

అతను ‘నీలి తలుపు’ శాండ్‌విచ్ షాపుకి మేనేజరు. ఆ కంపెనీకి ఊరంతా షాపులున్నాయి. వీధికి అవతలి పక్క ‘పసుపు గంట’ ఉంది, వాళ్ళ షాపులూ తక్కువేం కాదు. దాని మేనేజరు ఎవరో కాదు, ఇతని తోడల్లుడే, అంటే అత్తవారింటి పెద్దల్లుడు. ఇద్దరూ ఎదురెదురు కౌంటర్ల వెనక నిలబడి రోజంతా ఒకరి బేరాలు ఒకరు ఓరకంట చూసుకుంటారు. ఒకసారి భోజనాల దగ్గర మాటా మాటా పెరిగాక అత్తగారు తన బల్ల దగ్గర రొట్టె ఊసెత్తకూడదని ఇద్దరికీ గట్టిగా చెప్పేసింది. అప్పట్నుంచీ కలిసినప్పుడల్లా ఎండ గురించీ వాన గురించీ మాట్లాడుకుంటారు. షాపుల్లో ఏం జరుగుతోందో ఒకరికొకరు చెప్పుకోవడం మానేశారు.

జల్లెడ అన్నది నీలి తలుపు తనిఖీ అధికారికి మేనేజర్లు చాటుగా పెట్టుకున్న పేరు. ఆయన నెలనెలా వచ్చి, కళ్ళకి రుమాలు కట్టుకుని, తమ శాండ్‌విచ్‌లో సగం, అవతలివాళ్ళ దాంట్లో సగం రుచి చూస్తారు. రెండు కంపెనీలూ ఒకే బేకరీ నుంచి రొట్టె తెచ్చుకుంటాయి కాబట్టి పైకి తేడా తెలియదు. గుర్తు కోసం ప్లేట్ల అడుగున నీలం స్టిక్కరొకటి, పసుపు స్టిక్కరొకటి అంటిస్తారు. ఆయన వేలు పసుపు ప్లేటు వైపు చూపించిందంటే ఆ మేనేజరు సాయంత్రానికల్లా తాళాలు అప్పజెప్పి ఇంటికి పోవలసిందే. అలా పోయినవాళ్ళు చిన్నల్లుడికి పేరు పేరునా తెలుసు.

అతని భయం ఉత్తుత్తి భయం కాదు. కిందటి వారం పసుపు గంట శాండ్‌విచ్ ఒకటి తెప్పించుకుని, స్టోరు గదిలో గడియ పెట్టుకుని తిన్నాడు. మొదటి ముక్కకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత బాగుంది. ఇక తన ఉద్యోగం ఊడినట్టేనని అక్కడే, ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని తేల్చుకున్నాడు. ఉద్యోగం పోయాక అత్తగారింట్లో పెద్దల్లుడి పక్క కుర్చీలో ఎలా కూర్చోవాలో మాత్రం తేల్చుకోలేకపోయాడు.

"రెండు ప్లేట్లలోనూ బావ వాళ్ళదే పెట్టెయ్యండి," అంది భార్య, అతని కాలరు సర్దుతూ.

"అదేంటి?"

"రెండింటి కిందా మీ నీలం స్టిక్కరే అంటించండి. ఆయన ఏది చూపించినా మీదే గెలిచినట్టు."

"అలాంటప్పుడు రెండూ మావే పెట్టొచ్చుగా?"

"మీవి పెడితే రెండూ బాలేవంటారేమో."

చిన్నల్లుడి మనసులో ఉన్నదీ అదే. "పోనీ, రెండో ప్లేటు కూడా ఎత్తి చూస్తే?" అన్నాడు.

"గెలిచిందేదో తెలిశాక ఓడిపోయిందాన్ని ఎవరు చూస్తారండీ. వెళ్ళిరండి, ఏం కాదు."

ఏం కాదు అని ఆవిడ అన్నప్పుడల్లా ఏదో ఒకటి అవుతూనే వచ్చింది.

తోడల్లుడి కంటపడకుండా ఉండాలని అతను స్కూటరు హెల్మెట్ తియ్యకుండానే పసుపు గంటలోకి వెళ్ళాడు. దాని నల్లద్దం కూడా పైకెత్తలేదు. "ఏం కావాలి సార్?" అంది కౌంటరు దగ్గరి అమ్మాయి. గొంతు గుర్తుపడతారని నోరు విప్పకుండా, గోడ మీది శాండ్‌విచ్ బొమ్మని చూపించి రెండు వేళ్ళు ఎత్తాడు. ఆ అమ్మాయి బిక్కచచ్చిపోయి లోపలికి పరుగెత్తింది. మరుక్షణం పెద్దల్లుడే స్వయంగా బయటికొచ్చాడు. హెల్మెట్ లోపల చిన్నల్లుడి పై ప్రాణాలు పైనే పోయాయి.

అయితే పెద్దల్లుడి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. మొహం దాచుకుని, పెదవి విప్పకుండా, మూలమూలలా చూస్తున్న ఈ మనిషి తమ కంపెనీ రహస్యంగా పంపిన తనిఖీ అధికారేనని అతనికి రూఢి అయిపోయింది.

"కూర్చోండి సార్. ఫ్యాను పెంచమంటారా?"

హెల్మెట్ అడ్డంగా ఊగింది.

"వంటగదిలోకి మాత్రం ఇప్పుడు రాకండి సార్, నేల తడిగా ఉంది," అన్నాడు పెద్దల్లుడు, ఎవరూ అడగకుండానే వంటగది తలుపుకి అడ్డంగా నిలబడి. "అబ్బే, డబ్బులెందుకు సార్, మీ దగ్గర కూడానా."

పెద్దల్లుడు రెండు చేతులతో అందించిన పొట్లాలు జేబులోకి దూరాయి. నల్లద్దానికి లోపల ఆవిరి పట్టడంతో చిన్నల్లుడు గుమ్మం అనుకుని ముందు గోడలోకి నడిచాడు. ఆ తర్వాత గుమ్మం దొరికింది.

తిరిగొచ్చేసరికి జల్లెడగారు చెప్పిన వేళకి ముందే వచ్చి బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు.

"ఇక్కడ హెల్మెట్ పెట్టుకుని పనిచేస్తావా?"

"వెంట్రుకలు రాలి పడకుండా సార్," అన్నాడు చిన్నల్లుడు నోటికొచ్చింది.

జల్లెడగారు మెచ్చుకోలుగా తల పంకించారు. అతను హెల్మెట్ తీసి ఆయన బల్ల మీదే పెట్టేసి, జేబులోని పొట్లాలు నొక్కి పట్టుకుని వంటగదిలో దూరాడు. స్టిక్కర్లు వేళ్ళకే అంటుకుంటున్నాయి గాని ప్లేట్లకి అంటుకోవడం లేదు. ఎలాగో అంటించి ప్లేట్లు తెచ్చి పెట్టాడు. జల్లెడగారు రుమాలు కట్టుకుని మొదటి సగం నమిలారు. మూతి ముడిచారు. రెండో సగం కొరికారు. నమలడం నెమ్మదించింది. చిన్నల్లుడికి ఆ నమిలే చప్పుడు తన ఎముకల్లోంచే వస్తున్నట్టు అనిపించింది.

"మొదటిది గడ్డి," అన్నారు జల్లెడగారు. "రెండోది అద్భుతం. ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది."

రుమాలు విప్పి రెండో ప్లేటు ఎత్తి చూశారు. నీలం. చిన్నల్లుడు బతికిపోయాననుకునేలోపే ఆయన చెయ్యి మొదటి ప్లేటు మీదికి వెళ్ళింది. అతను ఒక్క దూకు దూకి ఆ ప్లేటు లాక్కుని గుండెకి హత్తుకున్నాడు.

"వాళ్ళ ప్లేటు మీ చేత్తో ముట్టుకోవడం నాకిష్టం లేదు సార్," అన్నాడు. అది భయమే గాని చూసేవాళ్ళకి భక్తిలా కనిపించింది.

జల్లెడగారు చలించిపోయారు. "నీలాంటివాళ్ళు కంపెనీలో పదిమంది ఉంటే చాలయ్యా. సరే, పోయిన నెలకీ ఇప్పటికీ ఏం మార్చావు? రేపట్నుంచి అన్ని షాపుల్లోనూ ఇదే చేయిద్దాం. నా కళ్ళముందు ఒకటి చేసి చూపించు."

అవతలివాళ్ళ రుచి చిన్నల్లుడెక్కడ తేగలడు? ఉన్న సరుకులే, రోజూ వేసే కొలతల్లోనే రొట్టెలో సర్ది అందించాడు. ఇక ఆ ముక్కతో తన ఉద్యోగం పోతుందని తెలిసి కళ్ళు మూసుకున్నాడు.

"ఇదే," అన్నారు జల్లెడగారు, పెదాలు తుడుచుకుంటూ. "అచ్చం ఇదే రుచి."

తన చేతికి మహిమ వచ్చిందా, ఆయనకి మతి పోయిందా అని అతను అయోమయంలో ఉండగానే వెనక తలుపు తెరుచుకుంది. ఖాళీ అట్టపెట్టెతో పెద్దల్లుడు లోపలికి అడుగుపెట్టాడు. ముందు బల్ల మీది హెల్మెట్ కనపడింది. తర్వాత దాని వెనక కూర్చున్న జల్లెడగారు కనపడ్డారు. పెట్టె చేతిలోంచి జారిపోయింది.

"మీరు ఇక్కడిదాకా వచ్చారంటే అంతా తెలిసిపోయిందన్నమాట," అంటూ నేరుగా ఆయన ముందుకెళ్ళి చేతులు జోడించాడు. "తప్పయిపోయింది సార్. మా వంటమనిషి మానేసి నెల దాటింది. హెడ్డాఫీసుకి చెబితే చేతకానివాడినని పంపేస్తారని చెప్పలేదు. అప్పట్నుంచీ వీళ్ళ దగ్గరే కొని మా కాగితాల్లో చుట్టి అమ్ముతున్నాను. రోజూ పొద్దున్నే వచ్చి పార్శిల్ పట్టుకెళ్ళేది మా వాచ్‌మనే. ఇవాళ తెచ్చినవి అయిపోతే ఇంకో విడతకి నేనే వచ్చాను. ఇందాక మీకిచ్చినవీ ఇక్కడివే."

"అన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు నీరసంగా, "ఈయన మా ఆఫీసరు."

స్టోరు గదిలో గడియ పెట్టుకుని తను ఏడ్చింది తన శాండ్‌విచ్ తినేనని అతనికి అప్పుడు వెలిగింది. సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చి, ప్లేటు ఇంకా గుండెకే పట్టుకుని ఉన్నానన్న సంగతి కూడా మరిచిపోయాడు.

పెద్దల్లుడు ఎవరికి ఏమిచ్చాడో జల్లెడగారు అడగలేదు. ఆయన బుర్ర వేరేచోట ఆగిపోయింది.

"అయితే నేను అద్భుతమన్నది..." అన్నారు మెల్లగా.

"మనదే సార్."

"మరి గడ్డి అన్నది?"

"అదీ మనదే సార్."

జల్లెడగారి నుదుటి మీద చెమట పట్టింది. ఆ చెమట ఎలాంటిదో చిన్నల్లుడికి బాగా తెలుసు. ఆ నాలుకని నమ్మి ఇంటికి పంపేసిన మేనేజర్లందరూ ఆయన కళ్ళముందు వరసగా నిలబడ్డట్టున్నారు.

"ఇవాళ్టి సంగతి హెడ్డాఫీసు దాకా వెళ్ళాలంటారా?" అన్నారు చివరికి. ఆయన ఒక మేనేజరుని ‘మీరు’ అనడం అదే మొదటిసారి.

"ఎందుకు సార్," అన్నారు తోడల్లుళ్ళిద్దరూ ఒక్కసారే.

రెండు కంపెనీల శాండ్‌విచ్‌లకీ రుచిలో ఏ తేడా లేదని జల్లెడగారు ఆ నెల నివేదికలో రాశారు. ఆయన ఇన్నేళ్ళ ఉద్యోగంలో రాసిన మొదటి నిజం అదే.