ధైర్యం అనగానేమి?

ఎం.ఏ. చదువుతున్న అమ్మాయికి ఆ రోజు పదకొండింటికి మౌఖిక పరీక్ష. అంశం, ప్రాచీన గ్రీకు తత్వవేత్తలు సుఖం గురించీ సద్గుణం గురించీ చెప్పినవి. తొందరగా తయారై, జవాబులన్నీ పైకి ఒకసారి చెప్పుకుని, కాస్త ముందే కాలేజీకి చేరాలని ఆమె అనుకుంది. అద్దం ముందు నిలబడేసరికి చదివిందంతా కలగాపులగమైపోయింది. అయినా ఎదురుగా ప్రొఫెసర్లే ఉన్నట్టు జవాబులు పైకి చెప్పసాగింది.

ఒక మనిషి సుఖంగా బతికాడో లేదో అతని జీవితం మొత్తం ముగిశాక గానీ చెప్పలేమన్నది ఆ గ్రీకుల వాదాల్లో ఒకటి. దానికి ఉదాహరణగా ఇంట్లో మనిషినే తీసుకుందామని ఆమెకు తోచింది. "మా నాన్ననే చూడండి..." అని మొదలుపెట్టింది.

వంటింట్లో నాన్నమ్మ మిక్సీ ఆపింది సరిగ్గా అప్పుడే. గదిలోంచి మనవరాలి గొంతు స్పష్టంగా వినిపించింది. "నాన్న సంగతి ఇప్పుడే ఏం చెప్పలేం సార్. పోయాక గానీ తేలదు."

నాన్నమ్మ చేతిలో మూత కింద పడింది. వారం క్రితమే కళ్ళు తిరుగుతున్నాయంటూ పెద్దకొడుకు రక్తపరీక్ష చేయించుకున్నాడు. మనవరాలు ఎవరో డాక్టరుతో ఫోన్లో మాట్లాడుతోందన్నమాట! పరీక్షకు వెళ్ళే పిల్లని నిలదీయడానికి ఆవిడకు మనసొప్పలేదు. కోడలికి చెబితే ఉద్యోగంలో కంగారుపడుతుందని చిన్నకొడుక్కి ఫోన్ చేసింది.

"అన్నయ్య మనకి దక్కేలా లేడురా," అంటూ బావురుమంది.

చిన్నకొడుకు తాళాల కొట్టు షట్టరు దించేశాడు. అన్న పనిచేసేది లిఫ్టులు బాగుచేసే కంపెనీలో. అక్కడ అన్న పక్క సీటాయనకు ఫోన్ చేసి, "మా అన్నయ్య ఆరోగ్యం ఏం బాగాలేదు, ఓ కంట కనిపెట్టుకుని ఉండండి. ఆయనకింకా తెలీదు, మీరు చెప్పకండి," అన్నాడు.

పక్క సీటాయన మనసు మెత్తన. వెంటనే తన ఫ్యాను అటు తిప్పాడు. టీ తెచ్చి ఇచ్చాడు. "మీరు చాలా మంచివారండీ," అని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. మీవాళ్ళు చెప్పొద్దన్నారు."

అమ్మాయి తండ్రి టీ కప్పు పక్కన పెట్టేశాడు. రక్తపరీక్ష రిపోర్టు తెచ్చిన రోజు కూతురు, "అంతా బాగుంది నాన్నా," అంది. మరీ అంత తేలిగ్గా ఎందుకు అందో ఇప్పుడర్థమైంది. తన కన్నకూతురు ఇన్నాళ్ళూ ఇంత పెద్ద విషయం మనసులో దాచుకుని, నవ్వుతూ తిరిగిందా అనుకుంటే కళ్ళు మసకబారాయి. చివరిసారి అన్నట్టు బల్ల మీద స్టాప్లర్‌ని సర్దిపెట్టాడు.

అంతలో మేనేజరు పిలిచాడు. "ఆ ప్రసూతి ఆస్పత్రి లిఫ్టు ఈ సాయంత్రానికి నడవాలి. పాత తాడుతోనే కానిచ్చేయండి."

ఎన్నో ఏళ్ళుగా ఆ గదిలో ఆయన నోట "సరే సార్" తప్ప మరో మాట రాలేదు. ఇవాళ మాత్రం పోయేవాడికి భయమేమిటనిపించింది.

"తాడు అరిగిపోయింది సార్. మార్చేదాకా లిఫ్టు కదలదు."

"నేను చెప్తున్నాగా!"

"మీరు చెప్తే తాడు వింటుందా? నిండు చూలాళ్ళు ఎక్కే లిఫ్టది. కావాలంటే ముందు మీరెక్కి నాలుగంతస్తులూ తిరిగి రండి."

మేనేజరు ఆ లిఫ్టు కాగితాలు మళ్ళీ తిరగేశాడు. కొత్త తాడు తెప్పించమని మెల్లగా చెప్పాడు. తండ్రి అదేమీ పట్టించుకోకుండా కూతుర్ని చూడాలనిపించి తిన్నగా కాలేజీకి బయల్దేరాడు.

అక్కడ అమ్మాయి ఇద్దరు ప్రొఫెసర్ల ముందు చెమటలు కక్కుతోంది. మొదటి ప్రశ్నకి తడబడింది. రెండోది అసలు అర్థం కాలేదు. పెద్ద ప్రొఫెసరు జాలిపడి, "పోనీ, ధైర్యం అంటే ఏమిటో చెప్పమ్మా," అన్నాడు.

"పిరికితనానికీ దుడుకుతనానికీ నడుమ..." అంటుండగా తలుపు ధడాలున తెరుచుకుంది. బాబాయి!

"తల్లీ, నువ్వు ధైర్యంగా ఉండాలి!"

"మేమూ దాని గురించే అడుగుతున్నామండీ," అన్నాడు ప్రొఫెసరు.

బాబాయి వెనకే రొప్పుతూ తండ్రి వచ్చాడు. "నా దగ్గర దాచకమ్మా. ఇంకెన్నాళ్ళు?" అన్నాడు. అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎవరికేమైందో తెలియక ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. బాబాయి నోట నాన్నమ్మ విన్న మాటలు బయటికి వచ్చాక గానీ ఆమెకు సంగతి అర్థం కాలేదు.

"అయ్యో, అది గ్రీకువాళ్ళ మాట బాబాయ్! పరీక్ష కోసం చదువుకున్నా. నాన్నకేం లేదు. రిపోర్టు శుభ్రంగా ఉంది, డాక్టరుగారే చెప్పారు."

పెద్ద ప్రొఫెసరు కళ్ళజోడు తీసి తండ్రిని కూర్చోబెట్టాడు. పొద్దుట్నుంచీ జరిగిందంతా అడిగాడు. లిఫ్టు తాడు సంగతి వినగానే రెండో ప్రొఫెసరు వైపు తిరిగి, "మనం నిర్వచనం అడిగాం. అమ్మాయి మనిషినే తెప్పించింది," అని మార్కులు వేసేశాడు.

వరండాలోకి రాగానే బాబాయి తల్లికి ఫోన్ కలిపాడు. అవతల నాన్నమ్మ ఏడుపు నవ్వులోకి తిరిగింది. అమ్మాయి తండ్రి చెయ్యి వదలకుండా పట్టుకుంది. ఆయన మాత్రం బెంచీ మీద కూలబడ్డాడు.

"నిజంగా నాకేం లేదా?"

"నిజంగా ఏం లేదు నాన్నా. నిండు నూరేళ్ళూ ఉంటావు."

ఆయన మొహం పాలిపోయింది.

"అయితే రేపు ఆఫీసుకి వెళ్ళాలా?"