ఎల్లారెడ్డిలో మోగిన మెల్లటి ఇంగ్లీషు పాట

ఇరవై ఐదో పెళ్లిరోజు మరిచిపోయిన మగాడి గతేమిటో కామారెడ్డి కిరాణా కొట్టు రాజేశాన్ని అడగండి. మర్నాడే భార్య నవత ఎల్లారెడ్డిలో తల్లిగారింటికి వెళ్లిపోయింది. వారం రోజులుగా రాజేశం తన ఉప్మా తానే వండుకుని, తానే తిని, తనను తానే క్షమించుకుంటున్నాడు.

ఎనిమిదో రోజు ఓ పాట గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ చూసిన ఇంగ్లీషు సినిమాలోది. పాడిన గుంపుకి లోకమంతా పేరే. వాళ్ల గంతుల పాటలు తెలియనివాడు లేడు. ఈ మెల్లటి పాటను మాత్రం వాళ్ల అమ్మలైనా విన్నారో లేదో! కానీ అది వచ్చినంతసేపూ నవత అతని చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

వెంటనే ఎల్లారెడ్డి బ్యాండు మేళం మొయినుద్దీన్‌కి ఆ పాట ఫోన్లో పంపాడు.

"అన్నా, తీన్మార్ దరువు కలుపుదమా? గింత మెల్లగ మేం ఒక్క కాడనే వాయిస్తం."

"దరువు గిరువు వద్దు. వింటే ఏడుపు రావాలె."

"ఏడుపుకు గ్యారంటీ," అన్నాడు మొయినుద్దీన్.

ఆదివారం పొద్దున మేళం కదిలింది. ముందు తెల్లచొక్కాతో, చేతిలో గులాబీ దండతో రాజేశం. మొదటి మలుపులో చాయ్ హోటలాయన షట్టర్ సగం దించి దండం పెట్టాడు. రెండో మలుపులో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఎవరు పోయిండ్రే?"

"అల్లుడు దండ పట్టుకొచ్చె. ఇంకెవరు, పెద్దవ్వే!"

పెద్దవ్వ అంటే నవత తల్లి. మేళం ఇల్లు చేరేసరికి వెనక నలభైమంది, తొమ్మిది దండలు. ఒకాయన వెదురు బొంగులు కూడా తెచ్చాడు.

అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తున్న పెద్దవ్వ తలెత్తింది. "ఎవరు పోయిండ్రురా?"

"నువ్వే అవ్వా!" అని భోరుమన్నాడు పక్కింటి పోచయ్య.

"గట్లనా? నాకెవ్వరు చెప్పనే లేదు."

ఇంతలో వెనకనుంచి ఒకావిడ ఉరికొచ్చి కాళ్ల మీద పడింది. "నీ ఇత్తడి బిందె నా కాడనే ఉందవ్వా, మాఫ్ చెయ్యి!"

"దొరికినవ్! పదేండ్ల సంది దేవులాడుతున్న. పో, తెచ్చియ్యి."

సప్పుడుకి నవత బయటికొచ్చింది, భుజాన సంచితో. "ఏందయ్యా గిది?"

"నీకిష్టమైన పాటనే! టాకీసుల ఏడ్చినవ్ గద."

"మిర్చిబజ్జి మంటకు ఏడ్చిన. చెయ్యి పట్టుకున్నది నీ నీళ్ల సీసా గుంజుకుందామని. నువ్వు ఇయ్యలే."

రాజేశం ఆమె భుజం వంక చూశాడు. "మరి... సంచేంది?"

"పదిన్నర బస్సుకు ఇంటికొద్దామని సర్దిన. సప్పుడు జెయ్యకుంట కూసుంటే పగటన్నం నా చేత్తోటి తినేటోనివి! ఇప్పుడు గీ నలభైమందికి చాయ్ ఎవ్వరు పొయ్యాలె? ఇంక పది రోజులు ఈడనే ఆరాం జేస్త." సంచి లోపల విసిరేసింది.

ఈలోగా పెద్దవ్వ తొమ్మిది దండలూ మెడలో వేయించుకుంది. "అల్లుడా, పాట మస్తుంది. బిడ్డ రాకుంటే ఏమాయె? నేనొస్త పా."

"తీస్కపో," అంది నవత, ఏళ్ల తర్వాత అంత తీయగా నవ్వుతూ.

మధ్యాహ్నం కామారెడ్డి రోడ్డు మీద రాజేశం బండి వెళ్తోంది. వెనక దండలతో, ఒళ్లో ఇత్తడి బిందెతో పెద్దవ్వ. ఎదురొచ్చినవాళ్లు ఆగి మరీ మొక్కుతున్నారు.

"ఇంటికి పోంగనే ఉప్మా చెయ్యి అల్లుడా," అంది పెద్దవ్వ. "గా పాట పెట్టు. తినుకుంట వింట."